పాత టైమ్‌షేర్లు కూల్చేముందు ఓట్ల లెక్క తేలాలి

సంపాదకులకు,

ఫ్లోరిడాలో డిస్నీ వరల్డ్ చుట్టుపక్కల 1980లలో కట్టిన టైమ్‌షేర్ రిసార్టులకు (ఒక్కో గదిలో ఏటా ఒక్కో వారం ఉండే హక్కును వేర్వేరు వాళ్లకు అమ్మే విడిదులు) వయసు మీద పడింది. వాటిని కూల్చి హోటళ్లు కట్టాలా, అపార్ట్‌మెంట్లుగా మార్చాలా అన్న చర్చలో భవనాల గురించే మాట్లాడుతున్నారు. అసలు చిక్కుముడి యాజమాన్యంలో ఉంది. అక్కడ వారాలు కొనుక్కున్న మనవాళ్లకు ఇది తెలియాలి.

200 యూనిట్ల రిసార్ట్ అనుకుందాం. యూనిట్‌కు 51 వారాలు అమ్మి, ఒక వారం మరమ్మతులకు ఉంచితే 10,200 వాటాలు. కొన్నవాళ్లలో కొందరు పోయారు, కొందరి చిరునామాలు మారాయి, తమ పేర ఒక వారం ఉందన్న సంగతే తెలియని వారసులూ ఉంటారు. రిసార్ట్ పత్రాల్లో వేరేగా రాసుకుంటే తప్ప, ఫ్లోరిడా టైమ్‌షేర్ చట్టం (721వ అధ్యాయం) ప్రకారం ప్లాన్ (యజమానులందరినీ కలిపి ఉంచే ఒప్పందం) రద్దుకు 60 శాతం ఓట్లు కావాలి. మీటింగుకు వచ్చినవాళ్లలో 60 శాతం కాదు, మొత్తం ఓట్లలో. ఇక్కడ అది 6,120. ఓటేయనివాడు వ్యతిరేకించినట్టే లెక్క. ఈలోగా కప్పు కారుతూనే ఉంటుంది, మెయింటెనెన్స్ ఫీజు కట్టేవాళ్లు తగ్గుతారు, ఆ భారమంతా కడుతున్నవాళ్ల మీద పడుతుంది. ఫీజు కట్టక జప్తయిన వారాలన్నీ ఒకే సంస్థ చేతికి చేరితే మాత్రం కథ తిరగబడుతుంది. చిన్న యజమాని అడ్డు చెప్పినా రద్దు ఆగదు. కాబట్టి ఎవరి చేతిలో ఎన్ని ఓట్లున్నాయో ముందే రాతపూర్వకంగా అడగాలి.

భవనం సంగతికొస్తే, రంగులూ సోఫాలూ మార్చి చేసే ‘రెనోవేషన్’ను నమ్మవద్దు. ఆ కాలంలో విరివిగా వేసిన బూడిదరంగు పాలీబ్యూటిలీన్ నీటి పైపులు క్లోరిన్‌కు పెళుసెక్కి, గోడ లోపల జాయింట్ల దగ్గర పగులుతాయి. వినైల్ వాల్‌పేపర్ మరో శత్రువు. బయటి తేమగాలి గోడలోకి చొరబడి, ఏసీకి చల్లబడిన వినైల్ వెనక నీరవుతుంది. పైకి శుభ్రంగానే ఉంటుంది. మంచం వెనక మూల కొద్దిగా ఊడదీస్తే గులాబీరంగు మరకలు, జిప్సమ్ బోర్డు మీద నల్లటి బూజు బయటపడతాయి. అది కనిపించాక కాగితం మార్చి ఊరుకుంటే కుదరదు, గోడ విప్పాల్సిందే.

కింద సున్నపురాయి నేల, అది నీటికి కరిగి లోపల గుల్లబడుతుంది. 2013 ఆగస్టులో డిస్నీకి దగ్గర్లోని సమ్మర్ బే రిసార్టులో మూడంతస్తుల భవనం కొంతభాగం నేల కుంగి కూలిపోయింది. మట్టి బోరింగ్ పరీక్షలు లేకుండా చెప్పే ఏ ధరనూ నమ్మలేం.

ఓటేసేముందు ఈ సంగతులు తేల్చుకోండి. భూమి ఎవరిది? రిజర్వ్ ఫండ్‌లో (పెద్ద మరమ్మతులకని దాచిన సొమ్ములో) మిగిలింది ఎవరికి పోతుంది? కూల్చివేత, ఆస్‌బెస్టాస్ తొలగింపు ఖర్చు ఎవరి వాటాలో కోస్తారు? ఉన్న భవనంతో ఎంత, ఖాళీ స్థలంగా ఎంత అని బయటి వాల్యుయర్ రెండు ధరలు కట్టాలి. అమ్మాక మీకొచ్చేది పత్రాల్లోని వాటా ప్రకారమే, మీరు కొన్న ధరతో దానికి సంబంధం ఉండదు. డిస్నీ సొంత టైమ్‌షేర్ పథకమైన డిస్నీ వెకేషన్ క్లబ్‌లో గడువు ముగిశాక ఆ వాటా కూడా ఉండదు. ఉదాహరణకు 1991లో మొదలైన దాని ఓల్డ్ కీ వెస్ట్ రిసార్టులో, గడువు పొడిగించుకోనివాళ్ల హక్కు 2042 జనవరి 31తో ముగుస్తుంది.

డీడ్ (రిజిస్టరైన హక్కుపత్రం) ఉన్నవాళ్లు పోతే వారసులు సొంత రాష్ట్రంలో ప్రొబేట్ (పోయినవారి ఆస్తిని వారసులకు చేర్చే కోర్టు ప్రక్రియ) చేయించుకున్నంత మాత్రాన సరిపోదు. సాధారణంగా ఫ్లోరిడాలోనూ విడిగా చేయించాలి. అది పూర్తయ్యేదాకా డబ్బు చేతికి రాదు.

– ఒక పాఠకుడు, ఓర్లాండో