అప్పీలు ఎందుకు వేశానంటే

రాక్‌విల్, మేరీల్యాండ్
17 నవంబరు 2024, ఆదివారం

పూజ్యులైన పెద్దన్నయ్య గారికి, వదినగారికి,

తమ్ముడు రామం నమస్కరించి వ్రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమందరం క్షేమంగా ఉన్నాము. వయసు చూసి నాకు పదోన్నతి ఇవ్వలేదని మా శాఖమీద నేను చేసిన ఫిర్యాదు గురించి మొన్న ఫోనులో మీరు, "ఏడాదిన్నర తిరిగావు, చివరికి నీకు వ్యతిరేకంగానే తేల్చారు, ఇంకా అప్పీలేమిటి? ఈ వయసులో ఆఫీసుతో తగువు పెట్టుకుని బాగుపడ్డవాడెవడు?" అని అడిగారు. నేను అప్పుడు తడబడ్డాను. ముప్పై ఏళ్ళు ట్రెజరీలో బిల్లులు పరిశీలించిన మీకు కాగితం మీద పెడితేనే విషయం తేటపడుతుందని ఇలా రాస్తున్నాను.

జరిగింది మీకు కొంత తెలిసినదే. 2023 ఏప్రిల్‌లో నేను పనిచేసే అమెరికా కేంద్రప్రభుత్వ శాఖలోని మా విభాగంలో పదమూడో గ్రేడు నుంచి పద్నాలుగో గ్రేడుకు ఒక ఖాళీ వచ్చింది. ఇంటర్వ్యూ చేసిన ముగ్గురిలో ఒకరు, పనికి సంబంధించిన ప్రశ్నలన్నీ అయిపోయాక, "ఇంకా ఎన్నేళ్ళు పనిచేద్దామనుకుంటున్నారు?" అని నన్ను అడిగారు. ఉద్యోగం 43 ఏళ్ళ సహోద్యోగికి వెళ్ళింది. అతనిమీద నాకు కోపం లేదు, అతనికి ఆ పనిలో అక్షరాభ్యాసం చేయించింది నేనే. నూటికి మూడు మార్కుల తేడాతో నేను వెనకబడ్డానని చెప్పారు. ఆ చివరి ప్రశ్నను మిగిలిన అభ్యర్థులెవరినీ అడగలేదని మాత్రం తర్వాత విచారణలో బయటపడింది.

"ఎన్నేళ్ళు ఉంటారని అడిగితే తప్పేముంది, రిటైర్మెంటు దగ్గర పడుతోంది కదా" అని మీకు అనిపించడం సహజం. కానీ ఈ దేశంలో కేంద్రప్రభుత్వ ఉద్యోగికి పదవీ విరమణ వయసంటూ లేదు. పూర్వం 70 ఏళ్ళ పరిమితి ఉండేది, 1978లో దాన్నీ తీసేశారు. విమానాల రాకపోకలను నియంత్రించేవారికీ, అగ్నిమాపక సిబ్బందికీ, నేరాలు పరిశోధించే ఉద్యోగులకూ విడిగా పరిమితులున్నాయి గానీ, నాలాగా బల్లముందు కూర్చుని లెక్కలు వేసేవాడికి ఏ పరిమితీ లేదు. పైగా 40 ఏళ్ళు నిండినవారిపట్ల వయసు కారణంగా వివక్ష చూపకూడదని 1967లో చేసిన చట్టాన్ని 1974లో ప్రభుత్వోద్యోగులకూ వర్తింపజేశారు.

మన నాన్నగారి సంగతి ఇక్కడే చెప్పాలి. 1983 ఫిబ్రవరిలో రామారావు గారి ప్రభుత్వం పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించినప్పుడు నాన్నగారికి 57 దాటి రెండు నెలలు. ఆ నెలాఖరుకే ఆయన గొడుగూ, టిఫిను డబ్బా పట్టుకుని ఇంటికి వచ్చేశారు. మరుసటి ఏడాది వయసును తిరిగి 58 చేశారు గానీ, అప్పటికి ఆయనకు ఆ గీత కూడా దాటిపోయింది. ఆ తగ్గింపు చెల్లుతుందని 1985లో సుప్రీంకోర్టు కూడా అన్నది. నాన్నగారు ఎవరినీ తప్పుపట్టలేదు, రూలు రూలే అన్నారు. అది అందరికీ ఒకేలా వర్తించిన ఉత్తర్వు, గెజెట్టులో అచ్చయిన మాట. నా విషయంలో అలాంటి రూలేదీ లేదు. లేని రూలును ఎంపిక చేసినవారు మనసులో పెట్టుకుని అమలు చేశారన్నదే నా అభియోగం.

ఇక దారి ఎలా ఉంటుందంటే, ముందుగా సంఘటన జరిగిన 45 రోజుల్లోపు శాఖలోనే ఉండే సమానావకాశాల కౌన్సిలర్ని కలవాలి. సిగ్గుపడి, ఆలోచించి, మీ మరదలితో మూడుసార్లు వాదించి, నేను 41వ రోజున కలిశాను. రాజీ కుదరకపోతే కౌన్సిలర్ నోటీసు ఇస్తారు, అది అందిన 15 రోజుల్లో లిఖితపూర్వక ఫిర్యాదు ఇవ్వాలి. ఆ మీదట శాఖ 180 రోజుల్లో విచారణ జరిపి నివేదిక ఇవ్వాలి. మా శాఖ బయటి విచారణాధికారిని పెట్టి, ప్రమాణపూర్వక వాంగ్మూలాలు తీసుకుని, లావుపాటి ఫైలు తయారు చేయించింది.

నేను పొరపాటు చేసింది ఆ తర్వాతే. నివేదిక చేతికందాక 30 రోజుల్లో రెండు దారుల్లో ఒకటి ఎంచుకోవాలి. ఉద్యోగాల్లో వివక్ష మీద ఫిర్యాదులు చూసే సమాన ఉపాధి అవకాశాల కమిషన్‌కు చెందిన న్యాయాధికారి ముందు విచారణ కోరవచ్చు, లేదా శాఖనే తుది నిర్ణయం చెప్పమనవచ్చు. శాఖ అయితే 60 రోజుల్లో చెప్పాలని రాసి ఉంది కదా, త్వరగా తేలుతుందని రెండోది ఎంచుకున్నాను. ఆ 60 రోజులు తొమ్మిది నెలలయ్యాయి. పైగా న్యాయాధికారి ముందైతే ఆ ముగ్గురినీ ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నించే వీలుండేది. ఎవరిమీద ఫిర్యాదు చేశామో వాళ్ళనే తీర్పు చెప్పమనడంలోని అమాయకత్వం నాకు ఇప్పుడు తెలిసివచ్చింది. మీరు దగ్గరుంటే ఆ పని చేయనిచ్చేవారు కాదు.

అక్టోబరు 21న అందిన నిర్ణయంలో మూడు మాటలున్నాయి. ఎంపికైన వ్యక్తి కూడా 40 దాటినవాడే కాబట్టి వయసు ప్రసక్తి లేదన్నది మొదటిది. ఇది నిలవదు. 56 ఏళ్ళ ఉద్యోగిని తీసేసి 40 ఏళ్ళవాడిని పెట్టుకున్న కేసులో, చూడవలసింది వయసులోని గణనీయమైన తేడాయేగాని కొత్తవాడు 40 గీతకు ఏ పక్కనున్నాడన్నది కాదని ఇక్కడి సుప్రీంకోర్టు 1996లోనే ఏకగ్రీవంగా చెప్పింది. ఆ ప్రశ్న సిబ్బంది ప్రణాళిక కోసమేనన్నది రెండోది. అలాగైతే ఒక్కడినే ఎందుకు అడిగారో చెప్పలేదు. మార్కులే నిర్ణయించాయన్నది మూడోది. నాకు అన్నిటికంటె ముఖ్యంగా తోస్తున్నది ఇదే. ఎందుకంటే, మార్కులు వేసింది ఇంటర్వ్యూలు జరిగిన రోజున కాదని, మర్నాడు ముగ్గురూ కూర్చుని మాట్లాడుకున్నాకనని వారిలో ఒకరు ప్రమాణం చేసి చెప్పారు. ఇంటర్వ్యూనాడు రాసుకున్న కాగితాలు దొరకలేదట.

నిర్ణయం అందిన 30 రోజుల్లో కమిషన్‌కు అప్పీలు చేయాలి. గడువుకు ఎనిమిది రోజుల ముందే, నవంబరు 12న దాఖలు చేశాను. వాదనను రాతపూర్వకంగా ఇవ్వడానికి అక్కడినుంచి మరో 30 రోజులు, అంటే డిసెంబరు 12 వరకు సమయం ఉంది. న్యాయాధికారి ముందు విచారణ లేకుండా శాఖ ఇచ్చిన నిర్ణయం కాబట్టి, శాఖ అభిప్రాయానికి తలవంచకుండా కమిషన్ ఫైలునంతటినీ మొదటినుంచి తానే చూస్తుంది. నా పొరపాటులో మిగిలిన లాభం ఇదొక్కటే. కొత్త సాక్ష్యం మాత్రం సాధారణంగా తీసుకోరు, ఉన్న కాగితాల్లోంచే చూపించాలి.

నాకు ధైర్యమిచ్చిన తీర్పు ఒకటుంది. ఫ్లోరిడాలో మాజీ సైనికుల ఆసుపత్రిలో పనిచేసిన నోరిస్ బాబ్ అనే ఫార్మసిస్టు వేసిన కేసులో 2020 ఏప్రిల్ 6న సుప్రీంకోర్టు ఎనిమిది మంది ఒకవైపు, ఒక్కరు మరోవైపుగా తీర్పు చెప్పింది. ప్రైవేటు ఉద్యోగి అయితే, వయసే లేకపోతే ఫలితం వేరుగా ఉండేదని రుజువు చేయాలి. ప్రభుత్వోద్యోగుల సెక్షనులో మాత్రం సిబ్బంది విషయమైన నిర్ణయాలు ఏ వివక్షా అంటకుండా జరగాలని ఉంది గనుక, నిర్ణయం చేసే తీరులో వయసు ఒక పాలు కలిసినా చట్టాన్ని ఉల్లంఘించినట్లేనని ఆ తీర్పు సారాంశం. ఆ కేసు వాదనల్లో ప్రధాన న్యాయమూర్తి, పెద్దవాళ్ళను కుర్రకారు ఎగతాళి చేసే "ఓకే బూమర్" అన్న మాట ఇంటర్వ్యూలో ఒక్కసారి దొర్లితే చాలా అని అడిగారు. నవ్వు తెప్పించే ప్రశ్నే గాని, నా కేసంతా అందులోనే ఉంది.

అయితే ఉల్లంఘన రుజువైనంత మాత్రాన పదోన్నతి రాదు. ఆ గ్రేడూ, వెనకటి తేదీనుంచి జీతం తేడా, వడ్డీ కావాలంటే, వయసే నా ఉద్యోగం పోగొట్టిందని నేను చూపాలి. లేకపోతే ఇకముందు ఇలా చేయవద్దన్న ఆదేశం వరకే వస్తుంది. మనస్తాపానికి ఈ చట్టం కింద పైసా రాదు, ఈ దశలో వకీలు ఫీజు కూడా తిరిగి రాదు. అందుకే ఒక్క గంటకు డబ్బు చెల్లించి వకీలు సలహా తీసుకుని, మిగతాదంతా నేనే రాస్తున్నాను. కమిషన్ 180 రోజుల్లో తేల్చకపోయినా, తేల్చింది నాకు నచ్చకపోయినా జిల్లా కోర్టుకు వెళ్ళవచ్చు గానీ, ప్రభుత్వం మీద వేసే వయసు కేసుల్లో జ్యూరీ ఉండదు. అంతదూరం వెళ్ళాలని నేనింకా అనుకోలేదు.

పైవాళ్ళు కక్ష కడతారేమోనని వదినగారు భయపడుతున్నారని చెప్పారు. ఫిర్యాదు చేసినందుకు వేధించడం కూడా ఈ చట్టం కింద వివక్షతో సమానమైన తప్పేనని 2008లో ఇక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. నిజానికి ఇప్పుడు ఎదురుపడితే నాతో మునుపటికంటె మర్యాదగా మాట్లాడుతున్నారు. అది కొంచెం ఇబ్బందిగానే ఉంది.

మీవల్ల నాకొక పని ఉంది. ఇంటర్వ్యూ చేసిన ముగ్గురూ వేసిన మార్కుల పట్టికలు ఈ ఉత్తరంతోబాటు వాట్సాప్‌లో పిల్లవాడు పంపుతున్నాడు. రెండో పట్టికలో అడ్డంగా కూడితే వచ్చే మొత్తానికీ, నిలువుగా కూడితే వచ్చేదానికీ పొంతన లేనట్లు నాకు అనుమానం. నేను నాలుగుసార్లు కూడి చూశాను, నా కేసు కాబట్టి నా కళ్ళమీద నాకు నమ్మకం లేదు. ట్రెజరీ బిల్లుకు అభ్యంతరం రాసినట్లే, నన్ను తమ్ముడిననుకోకుండా చూసి, తేడా ఉంటే ఎన్నో వరుసలో ఉందో డిసెంబరు 5 లోపల చెప్పండి. లేదంటే నా రాతపూర్వక వాదనలోంచి ఆ పేరా కొట్టేస్తాను.

ఇట్లు,
మీ తమ్ముడు
రామం