కుంపటి సంగతి పట్టుబట్టి చెప్పిన ఆటో అన్నకు

ఆ చలి రాత్రి అనంతపురంలో సప్తగిరి సర్కిల్ దగ్గర మా తమ్ముడు చెయ్యెత్తితే ఆగినావు. నీ పేరు కూడా అడగలేదన్నా, మా టెన్షన్ అట్లాంటిది.

నేను బొగ్గుల కుంపటి పెట్టుకుని, కిటికీ మూసి పడుకున్నా. తలనొప్పి, వాంతి, ఆ తర్వాత తెలివి లేదు. ఆసుపత్రిలో వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు పెడితే 98 శాతం చూపించిందంట. ‘గ్యాస్ట్రిక్ ఏమో’ అన్నారు. నువ్వు మాత్రం కదల్లేదు. ‘గదిలో కుంపటి ఉండె సార్, అది రాసుకోండి’ అని మళ్లీ మళ్లీ చెప్పినావంట. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పట్టిన రక్తాన్ని కూడా ఆ క్లిప్పు ఆక్సిజన్ ఉన్న రక్తంగానే లెక్కేస్తుందని నాకు తర్వాత తెలిసింది. నీ మాట విన్న వెంటనే ఆక్సిజన్ మాస్కు పెట్టినారు.

మూడు వారాలకు కుడి పాదం తిమ్మిరెక్కి, చెప్పు జారిపోతా వచ్చింది. కేస్ షీట్‌లో నువ్వు రాయించిన ఆ ఒక్క ముక్క చూసే నరాల డాక్టరు, ఇది ఆ పొగ వల్లే నరం దెబ్బతినడమని చెప్పి పరీక్ష రాసినారు. ఈ విషానికి కొన్ని ఇబ్బందులు రోజులు, వారాలు ఆగి బయటపడతాయంట.

ఫిజియోథెరపీ నడుస్తోంది. బొటనవేలు కదులుతోంది. ఆ రాత్రి బాడుగ తీసుకోకుండానే పోయినావు, అది ఇంకా బాకీ ఉందన్నా.