గండికోట మసీదుకు వచ్చేవారికి చెప్పే మనిషి కావాలి: పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రి గారికి,

జమ్మలమడుగు వాసిగా నమస్కరించి విన్నవించుకుంటున్నాను.

పెన్నా లోయను చూడడానికి గండికోటకు వచ్చేవారిలో చాలామంది కోటలోని జామియా మసీదును కూడా చూసి వెళ్తున్నారు. అందుకు మా ప్రాంతం వాళ్లందరికీ సంతోషమే. గోల్కొండ సేనాని మీర్ జుమ్లా 17వ శతాబ్దం నడుమ పెమ్మసాని నాయకుల నుంచి ఈ కోటను గెలుచుకున్నాడు. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే 1652లో ఆయనను కలుసుకున్నది ఇక్కడే. అయితే మసీదులో ఎలా మెలగాలో చెప్పేవారు లేక, సందర్శకులు చెప్పులతోనే లోపల తిరుగుతున్నారు, పడమటి గోడలో కాబా దిక్కును చూపే మిహ్రాబ్‌లోకి ఎక్కి ఫొటోలు దిగుతున్నారు. కమానుల కింద చేయి అందినంత ఎత్తు వరకు గచ్చు మీద తాళం చెవులతో గీసిన పేర్లే. కొన్నిచోట్ల గీత లోతుగా దిగి పెచ్చులూడి, లోపలి రాయి బయటపడింది.

వీరెవరూ అవమానించాలని వచ్చినవారు కారని నా గట్టి నమ్మకం. సొంత ఊళ్లో గుడి గడప బయటే చెప్పులు విడిచే మనుషులే వీరంతా. సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన ఆదోని జామియా మసీదులో నమాజు సాగుతున్నందున, చెప్పులు ఎక్కడ విడవాలో, నమాజు చేసేవారి ముందు నుంచి ఎందుకు నడవకూడదో కొత్తవారికి చెప్పే పెద్దలుంటారు. గండికోటలో ఆ పెద్దరికం ప్రభుత్వమే వహించాలి.

ఈ మసీదు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నదని తెలుసు. ఆ శాఖతో మాట్లాడి, స్థానిక యువతీయువకులకు శిక్షణ ఇప్పించి, సెలవు రోజుల్లోనైనా ఒకరిని మసీదు వాకిట ఉంచవలసిందిగా కోరుతున్నాను. గోడలు పాడుచేస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయని 1958 నాటి చట్టానికి 2010లో చేసిన సవరణ చెబుతున్నది. ఆ మాట తెలుగులోనూ ఉర్దూలోనూ బోర్డు మీద రాయించాలి. అయినా నా దృష్టిలో బోర్డు కంటే మర్యాదగా చెప్పే మనిషే ముఖ్యం. మీ శాఖ హరిత హోటల్‌లో దిగేవారికి గది తాళంతో పాటే ఈ విషయాలు అచ్చువేసిన కాగితం ఇవ్వడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు కనుక, ఆ పనైనా వెంటనే మొదలుపెట్టించగలరు.

ఇట్లు,
జమ్మలమడుగు వాసి,
కడప జిల్లా