డిఫ్యూజర్ సంగతి, పిల్లి సంగతి

పెరంబూర్, చెన్నై

చిన్నమ్మలూ,

నిన్న ఫోన్‌లోనే చెబుదామనుకున్నాను. మీ అమ్మ మధ్యలో ఆవకాయ సంగతి ఎత్తేసరికి మాట తప్పిపోయింది. గృహప్రవేశానికి వచ్చిన, సువాసన నూనెలు గాల్లోకి వదిలే ఆ డిఫ్యూజర్ని, నీలగిరి తైలం సీసాని అటకెక్కించెయ్యి. పిల్లి ఇంట్లో ఉన్నంతకాలం అవి దిగకూడదు. "నాచురల్ కదా నాన్నా" అన్నావు. ఉమ్మెత్త కూడా నాచురలే.

ఇన్నేళ్ళు మందుల షాపు నడిపినవాణ్ణి కాబట్టి కొంచెం విడమరచి చెబుతాను, విసుక్కోకు. ఫినాల్ లాంటి పదార్థాలు మన ఒంట్లోకి వెళితే కాలేయం వాటికి గ్లూకురోనిక్ ఆమ్లాన్ని తగిలించి మూత్రంలోకి తోసేస్తుంది. అందుకు కావలసిన ఎంజైముల్లో ముఖ్యమైనదొకటి పిల్లులకు లేదు. జన్యువు ఉంది గానీ పనిచెయ్యదు. మనం ఒళ్ళునొప్పులకు వేసుకునే పారాసిటమాల్ ఒక్క బిళ్ళతో పిల్లి చచ్చిపోవచ్చు, కారణం అదే. టీ ట్రీ, లవంగం, దాల్చిన, నీలగిరి లాంటి నూనెలు కూడా దానికి పడవు. డిఫ్యూజర్ వాటిని సన్నటి తుంపరగా గాల్లోకి వదులుతుంది. ఆ తుంపర బొచ్చు మీద వాలుతుంది. పిల్లి రోజంతా ఒళ్ళు నాక్కుంటూనే ఉంటుంది కదా!

ఫినాయిల్ కూడా అంతే. మీ పనమ్మాయి బకెట్లో కళ్ళు మూసుకుని వంపేస్తుందన్నావు. సీసా మీద రాసినంతే కలపమను. నేల పూర్తిగా ఆరేదాకా పిల్లిని ఆ గదిలోకి రానివ్వద్దు, పాదాలు నాకుతుంది. బాత్రూమ్‌లో ఆసిడ్, బ్లీచింగ్ ఒకేసారి వాడొద్దని కూడా చెప్పు. రెండూ కలిస్తే క్లోరిన్ వస్తుంది, అది ఆ అమ్మాయి ఊపిరితిత్తులకే ప్రమాదం.

అన్నిటికన్నా నాకు భయం కలరా ఉండలంటేనే. నీ ఆడపడుచు పసిబిడ్డతో వచ్చి ఉంటుందన్నావు. జీ6పీడీ అనే ఎంజైము తక్కువగా ఉన్న పిల్లలకు, ఆ ఉండల మధ్య దాచిన బట్టలు తొడిగితే ఎర్రరక్తకణాలు పగిలిపోయి కామెర్లు ముదరొచ్చు. పరీక్ష చేయిస్తే తప్ప ఏ బిడ్డకు ఆ లోపం ఉందో ఇంట్లోవాళ్ళకు తెలియదు. పైగా పిల్లిగానీ కుక్కగానీ వాటిని మింగితే విషమే. బీరువాలో ఉన్నవన్నీ ఏరి పారెయ్యి. హారతి కర్పూరం డబ్బా కూడా బిడ్డకు అందకుండా పైన పెట్టు, మింగితే ఫిట్స్ వస్తాయి.

అగరొత్తుల దగ్గర నేనంత పట్టుపట్టను. కిటికీలు తీసి ఒకటి వెలిగించుకో, అయిపోయాక కాసేపు ఫ్యాన్ వెయ్యి. ఏసీ గదిలో తలుపులు మూసుకుని మాత్రం వద్దు, అసలే అల్లుడికి ఆయాసం. దోమల కాయిల్ అయితే అసలే వద్దు. ఒక్క కాయిల్ కాలితే వచ్చే సన్నటి రేణువులు 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత అని 2003లో ఒక అధ్యయనంలో తేలింది. మీ బెంగళూరు మారతహళ్ళిలో దోమలు ఎక్కువే, కాదనను. కిటికీలకు జాలీ కొట్టించండి. రూమ్ ఫ్రెష్‌నర్ డబ్బు దండగ. లేబుల్ మీద పర్‌ఫ్యూమ్ అని ఒక్క మాట రాసి, లోపల ఏమేం పోశారో చెప్పరు. వంటింటి వాసన పోవాలంటే ఎగ్జాస్ట్ ఫ్యాన్ చాలు.

పిల్లి నోట్లోంచి చొంగ కారుతున్నా, తూలుతున్నా, రొప్పుతున్నా గూగుల్ చూస్తూ కూర్చోకు. బలవంతంగా వాంతి చేయించొద్దు. అనుమానం ఉన్న సీసాని కూడా పట్టుకుని వెళ్ళండి, డాక్టరుకు లేబుల్ కావాలి. హెబ్బాళలో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది, కానీ మారతహళ్ళి నుంచి ఆ ట్రాఫిక్‌లో ఎప్పటికి చేరతారు? దగ్గర్లో రాత్రిపూట తెరిచి ఉండే క్లినిక్ ఏదో ఇప్పుడే కనుక్కుని నంబరు ఫ్రిజ్ మీద అంటించు.

పట్టుచీరల కోసం మీ అమ్మ ఎండు వేపాకు మూటలు కడుతోంది. ఆవకాయతో పాటు వస్తాయి.

మీ నాన్న