జ్వరానికే చీటీ, దిగులుకు లేదు

సంపాదకుల వారికి,

విశ్వవిద్యాలయ ఆరోగ్య కేంద్రంలో నర్సుగా పనిచేస్తున్నాను. పరీక్షలు దగ్గరపడుతుంటే మా గది ముందు వరుస పెరుగుతుంది. తలనొప్పి, కడుపులో మంట, గుండెదడ, నీరసం. జ్వరం చూస్తాం, బీపీ చూస్తాం, చాలామందికి రెండూ సరిగ్గానే ఉంటాయి. "అయితే సర్టిఫికెట్ ఇవ్వరా సిస్టర్?" అని అడుగుతారు. పిల్లలు నాటకాలాడుతున్నారని కొందరు అధ్యాపకుల అభిప్రాయం. నాకలా అనిపించదు. కుంగుబాటు, ఆందోళన తరచూ ఒంటినొప్పులుగానే బయటపడతాయి.

మా హాజరు మినహాయింపు ఫారంలో జబ్బు పేరు రాయాలి. టైఫాయిడ్ అని ఉంటే ఎవరూ మారు మాట్లాడరు. తీవ్ర ఆందోళన అని డాక్టరుగారు రాసిచ్చిన ఒకమ్మాయి ఫారం మాత్రం పక్కన ఎర్రసిరా ప్రశ్నార్థకంతో తిరిగొచ్చింది. మరుసటి నెల తనే వచ్చి, "ఈసారి కడుపునొప్పి అని రాయించండి సిస్టర్, గొడవుండదు" అంది. ఆ ఫారం క్లర్కు నుంచి విభాగాధిపతి దాకా ఎన్ని చేతులు మారుతుందో ఆ పిల్లకు తెలుసు మరి.

నిద్ర సంగతి ఇంకో తలనొప్పి. అసైన్‌మెంట్లకు రాత్రి 11.59 గడువు పెట్టాలన్న ఆలోచన ఎవరిదో గానీ, ఆయన హాయిగా పదింటికే పడుకునుంటారు. రాత్రి పదికి తాగిన కాఫీలోని కెఫిన్ సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. పగలు చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. ఆ నిద్రే మానుకుని చదివి, పొద్దున్నే గుండెదడతో మా దగ్గరికొస్తారు. గడువు సాయంత్రం ఐదుకు మారిస్తే పైసా ఖర్చు లేదు.

15-29 ఏళ్లవారి మరణాలకు ఆత్మహత్య మూడో ప్రధాన కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మా వరుసలో నిలబడేవాళ్లు దాదాపు అందరూ ఆ వయసువాళ్లే. రెండు వారాలకు మించి దిగులు వదలకపోయినా, ఇష్టమైన పనులమీద ఆసక్తి పోయినా వైద్యుణ్ని కలవాలి. చచ్చిపోవాలనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు. ఈ మాటలు గోడమీద పోస్టరులో మేమూ అంటించాం. కానీ కౌన్సెలర్ గది తెరిచుండేది సరిగ్గా క్లాసులు జరిగే వేళల్లోనే! వెళ్లాలంటే క్లాసు పోవాలి, పోయిన క్లాసుకు మళ్లీ అదే ఫారం నింపాలి.

అధికారులను అడిగేది పెద్దదేమీ కాదు. ఫారంలో జబ్బు పేరు గడి తీసేయండి. "ఫలానా తేదీ వరకు హాజరు కాలేరు" అన్న డాక్టరు సంతకం చాలదా? జబ్బు వివరాలు మా రికార్డులో ఉంటాయి, అక్కడే ఉండనివ్వండి. కౌన్సెలర్ వేళలు సాయంత్రానికి మార్చండి. వచ్చే ఏడాది ఫారాలు ఇంకా అచ్చుకు వెళ్లలేదు.

- ఒక నర్సు, విశ్వవిద్యాలయ ఆరోగ్య కేంద్రం