బెంచీ లేకున్నా జనం వస్తున్నారు

సంపాదకులకు,

సినిమా షూటింగులతో ఊళ్లకు యాత్రికులు పెరుగుతారా అని అడిగేవాళ్లకు నేను సవానా పేరు చెబుతాను. నేనుండే అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో 1733లో వెలసిన పాత నగరం అది. 'ఫారెస్ట్ గంప్' అనే ఇంగ్లిష్ సినిమాలో (1994) హీరో బెంచీ మీద కూర్చుని తన కథ చెప్పే సీన్లు అక్కడి చిప్పెవా స్క్వేర్‌లోనే తీశారు. తమాషా ఏమిటంటే, ఆ బెంచీ షూటింగ్ కోసం తెచ్చిపెట్టినది. ఇప్పుడది మ్యూజియంలో ఉంది. అయినా జనం ఆ ఖాళీ జాగా వెతుక్కుంటూ వస్తారు, ఫొటోలు దిగుతారు, ఆ పూట భోజనం అక్కడే చేస్తారు. మేమూ అంతే చేశాం!

అన్నీ లాభాలే అననులెండి. సవానాలోనే బోనవెంచర్ శ్మశానంలోని 'బర్డ్ గర్ల్' విగ్రహం ఒక నవల లాంటి పుస్తకం అట్ట మీదికెక్కింది, ఆ పుస్తకం 1997లో సినిమా అయింది. చూడవచ్చే జనం తాకిడికి సమాధులు పాడవుతాయని విగ్రహాన్నే మ్యూజియానికి తరలించారు.

మన కొవ్వూరు దగ్గర కుమారదేవంలో, గోదావరి గట్టున ఎన్నో సినిమాల్లో కనిపించిన చెట్టు 2024 ఆగస్టులో కూలింది. బెంచీ లేని చోటికే జనం వెళ్తుంటే, ఆ చెట్టు లేకున్నా గోదావరి గట్టుకు రారా? ఏ సినిమా ఎక్కడ తీశారో చెప్పే బోర్డులు, శుభ్రమైన మరుగుదొడ్లు పెట్టాలని పర్యాటక శాఖను కోరుతున్నాను.

ఒక పాఠకుడు, అట్లాంటా