నాన్న ఇంటికొచ్చారు, ఆయన తప్పిపోయారన్న మెసేజ్ ఇక ఆపేయండి

నాన్న దొరికారు. ఇప్పుడే నాలుగు ముద్దలు తిని పడుకున్నారు. రెండు రోజులుగా నాకు నిద్ర లేదు, తప్పులుంటే మన్నించండి.

ఆయనకు మతిమరుపు. మంగళవారం పొద్దున మల్కాజిగిరిలో మా ఇంటి గేటు తెరుచుకుని వెళ్లిపోయారు. గౌలిగూడ బస్టాండులో సూర్యాపేట బస్సెక్కాలని అనుకున్నారట. ఆ బస్టాండు ఇమ్లీబన్‌కి మారి ఎన్నేళ్లయిందో! పాత షెడ్డు కూడా 2018లో కూలిపోయింది. నాన్న మనసులో మాత్రం బస్సులు ఇంకా అక్కడి నుంచే వెళ్తున్నాయి.

స్టేషన్‌కి వెళ్తే మా లిమిట్స్ కాదన్నారు. ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, అదే జీరో ఎఫ్‌ఐఆర్ అని అందరూ చెప్తారు, మాకు మాత్రం రెండు గంటలు మెట్ల మీదే గడిచాయి. అందుకే కాలనీ గ్రూపులో ఫోటో, నా నంబరు పెట్టాను. సాయంత్రానికి ఊరంతా పాకింది. మీరందరూ పంపబట్టే అది ఒక ఆటో అన్న ఫోన్‌కి చేరింది.

బుధవారం అఫ్జల్‌గంజ్‌లో ఎండలో నిలబడ్డ నాన్నను ఆ ఆటో అన్న గుర్తుపట్టాడు. చాయ్ తాగించాడు. నాకు ఫోన్ చేస్తే ఎంతకూ బిజీ. సరే, ఇంటికే తీసుకెళ్దామని ఎక్కించుకున్నాడు. కానీ అప్పటికే ఎవరో నా మెసేజ్‌కి 'కిడ్నాప్' అని తగిలించారు. చాదర్‌ఘాట్ దగ్గర ఆటో ఆపి, కాలర్ పట్టుకుని కొట్టారు. వీడియో తీశారు. అయినా ఆ అన్న మా నాన్న చెయ్యి వదల్లేదు.

మా గుమ్మంలోకి వచ్చేసరికి ఆ అన్న పెదవి వాచిపోయి ఉంది, చొక్కా గుండీలు లేవు. నేను నోరు తెరిచేలోపే "పెద్దాయన ఏం తినలే అక్కా, ముందు అన్నం పెట్టు" అన్నాడు. కిరాయి కూడా ముట్టలేదు. నేను గడప మీదే కూలబడి ఏడ్చేశాను. ఆయన్ని కొట్టించింది నేను రాసిన మెసేజే కదా.

2018 మేలో చాంద్రాయణగుట్టలో పిల్లల్ని ఎత్తుకెళ్తున్నారన్న పుకారుకే ఒక ట్రాన్స్‌జెండర్‌ను కొట్టి చంపారు. ఆ తర్వాతే వాట్సాప్ ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ కాకుండా కట్టడి పెట్టింది. రాత్రంతా నాకు అదే గుర్తొస్తోంది. ఆ అన్న వీడియో మీ దగ్గరుంటే తీసేయండి. మీకు పంపినవాళ్లకి ఆయన దొంగ కాదని చెప్పండి, చాలు.

నాన్న మా దగ్గరున్నారంటూ డబ్బులడిగిన ఫోన్లు కూడా వచ్చాయి. బావ రెండు వేలు పంపేశాక తెలిసింది మోసమని. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేశాం.

అక్క, బావ, తమ్ముడు, అందరూ తిరిగారు.

అయ్యో, వీళ్ల మేలు చెప్పడం మర్చిపోయాను. చాదర్‌ఘాట్‌లో "ముందు పెద్దాయన్ని అడగండ్రా" అని గుంపుకి అడ్డం పడ్డ పండ్ల బండి అమ్మ. రాత్రి తన ఛార్జర్ ఇచ్చిన హోంగార్డు. పక్కింటి పిన్ని, రెండు పూటలా అన్నం పంపింది.